నేను లేదని రాసిన ఊరు

లైబ్రరీ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని అడిగారు. ఊళ్ల చరిత్ర వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు మన పుస్తకాలు ఎలా పనికొస్తాయో ప్రత్యేకంగా చెప్పమన్నారు. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో సరిగ్గా గుర్తు లేదు, గుర్తున్నా మీకు పనికిరాదు. అందుకని నాకు బుద్ధి వచ్చిన సంగతే రాస్తున్నాను.

సభల్లో లైబ్రరీని సరస్వతీ నిలయం అంటారు. నేను పనిచేసినన్నాళ్లూ అక్కడికి పేపర్ కోసం, ఎండాకాలంలో నీడ కోసం, ఇంట్లో పోరు తప్పించుకోవడం కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లను చిన్నచూపు చూడకండి. వాళ్లు పేపర్ చదివి మర్యాదగా వెళ్లిపోతారు. కష్టమల్లా చరిత్ర కోసం వచ్చేవాళ్లతోనే.

సేనాపతి మునిమనవడు

నాది ఉర్దూ మీడియం చదువు. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు కరీంనగర్‌లో ఒక లైబ్రరీలో గుమాస్తాగా చేరాను. పుస్తకాలకు దుమ్ము దులపడం, చినిగిన అట్టలకు గంజి పెట్టి అతికించడం నా పని. అప్పుడొకసారి చొప్పదండి వైపు నుంచి తలపాగా చుట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు.

"నర్సయ్యా, మా ముత్తాత కాకతీయుల కాడ సేనాపతి ఉండె. గా ముచ్చట ఏ పుస్తకంల ఉన్నదో జర తీసియ్యి," అన్నాడు.

"ముత్తాతంటే ఎన్నేండ్ల కింది ముచ్చట సార్?" అన్నాను.

"ఎన్నేండ్లయితే నీకెందుకయ్యా. ఉన్నది తియ్యి."

ఆయన ముత్తాతను ఎంత వెనక్కి నెట్టినా నూరేళ్లు దాటడు. కాకతీయులు పోయి ఆరు వందల ఏళ్లు దాటింది. అయినా వారం రోజులపాటు ఆయన ముందు పుస్తకాలు పేరుస్తూనే ఉన్నాను. చివరికి ఒక పాత ఉర్దూ రెవెన్యూ రిపోర్టులో ఆయన ముత్తాత నిజంగానే దొరికాడు. తన గొడ్లను పక్క రైతుల చేలల్లోకి తోలుతున్నాడని ఊరంతా కలిసి పెట్టిన ఫిర్యాదులో ఆయన పేరుంది. చదివి వినిపించాను. ఆ పెద్దమనిషి తలపాగా సర్దుకుని లేచాడు.

"గీ పుస్తకం రాసినోనికి ఏం తెల్వది," అన్నాడు.

ఆ కథను నేను కనీసం పదేళ్లు చెప్పుకుని నవ్వాను. జవాబును జేబులో పెట్టుకొచ్చి దానికి సరిపడే పుస్తకం అడిగేవాడు పిచ్చివాడని, పుస్తకంలో ఉన్నదే నమ్మే నాలాంటివాడు తెలివైనవాడని అనుకునేవాణ్ణి. నేను ఆయనకంటే పెద్ద పిచ్చివాణ్ణని తర్వాత తెలిసింది.

ఇస్లాం అల్మారా

రాష్ట్రం కలిసిన తర్వాత నన్ను ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న ఊరి లైబ్రరీకి మార్చారు. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లతో నాకింకా రాకపోకలున్నాయి.

మాకు కోస్తా నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. మంచివాడే. వర్షానికి కారే కప్పును పై ఆఫీసు చుట్టూ తిరిగి మరీ బాగు చేయించాడు. నాకు బెంచీ బదులు కుర్చీ ఇప్పించాడు. ఆయనకున్న ఇబ్బందల్లా ఒకటే, ఉర్దూ రాదు. మా లైబ్రరీలో సగానికి పైగా ఉర్దూ పుస్తకాలే. జాగీర్లు పోయినప్పుడు ఎవరెవరి ఇళ్ల నుంచో బండ్ల మీద వచ్చి పడినవి.

వచ్చిన నెలలోనే నన్ను పిలిచాడు.

"నర్సయ్య గారూ, ఈ ఉర్దూ పుస్తకాలన్నీ ఎక్కడపడితే అక్కడ ఉన్నాయేమిటండీ? అన్నిటినీ ఒక అల్మారాలోకి చేర్చి, ఇస్లాం మతం అని చీటీ అతికించండి. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది."

వాటిలో మతం పుస్తకాలు ఓ పది ఉంటాయేమో. మిగిలినవి పంటల రిపోర్టులు, అడవి లెక్కలు, పశువుల రోగాల పుస్తకం, మర్దుంషుమారీ జాబితాలు. మర్దుంషుమారీ అంటే జనాభా లెక్కలు. ఈ సంగతి ఆయనకు చెప్పవలసింది నేను. చెప్పలేదు. గేదెల గాలికుంటు రోగం ఇస్లాం మతంలో చేరడం నాకు భలే తమాషాగా అనిపించింది. చీటీని నా చేత్తోనే రాసి అతికించాను. ఆ సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతూ ఈ కథ చెప్పి నలుగురినీ నవ్వించాను. పెద్దసారు వైపు నుంచి అది తెలియక చేసిన పొరపాటు. నేను చేసింది తెలిసి చేసిన వెధవపని.

పావుగంట జవాబు

ఒక ఎండాకాలం జంగ్లాత్ ఆఫీసు నుంచి మాకు ఉత్తరం వచ్చింది. అడవి శాఖను అక్కడ అందరూ జంగ్లాత్ అనే అంటారు. ఇచ్చోడకు అవతల అడవిలో సోముగూడ అనే గోండు పల్లె ఉందని, రిజర్వు అడవికి గీత గీయకముందు నుంచీ ఆ పల్లె ఉన్నట్టు మీ పాత జాబితాల్లో ఎక్కడైనా ఉందా అని అడిగారు. ఉంటే ఊరు ఉంటుంది. లేకపోతే కొత్తగా చొరబడి వేసుకున్న గుడిసెలని ఖాళీ చేయిస్తారు. ఉత్తరంలోనే అంత స్పష్టంగా రాశారు.

ఒక ఆఫీసు మా లైబ్రరీని సలహా అడగడం అదే మొదటిసారి. ఛాతీ ఉబ్బింది. బల్ల మీద తెలుగులో అచ్చయిన కొత్త జాబితా ఉంటే దాన్ని తిరగేశాను. సోముగూడ లేదు. పాత ఉర్దూ జాబితా చూడాలంటే అల్మారా తాళం తీయాలి, నిచ్చెన వేయాలి, దుమ్ము తినాలి. కొత్తదాంట్లోనే లేని ఊరు పాతదాంట్లో ఎక్కడి నుంచి వస్తుందనుకున్నాను. పావుగంటలో ఇంగ్లీషులో జవాబు టైపు చేశాను. మా దగ్గరున్న జాబితాలన్నీ పరిశీలించామని, అటువంటి ఊరు ఎందులోనూ లేదని రాశాను. పెద్దసారు సంతకం పెడుతూ నా ఇంగ్లీషును మెచ్చుకున్నాడు.

నాకు దొరకలేదని రాసే చోట లేదని రాయడం మన వృత్తిలో మహాపాపం. దొరకలేదంటే తప్పు మనది. లేదని రాస్తే ఆ ఊరివాళ్ల నోట్లో మట్టి కొట్టడమే.

సోము పట్లా

మూడు వారాల తర్వాత ఒక గోండు పెద్ద వచ్చి లైబ్రరీ గుమ్మంలో నిలబడ్డాడు. ధోవతి, భుజం మీద గొంగడి, కాళ్ల నిండా దుమ్ము. ఊరి పెద్దను వాళ్లు పట్లా అంటారు. ఆయన సోము పట్లా.

"నర్సయ్య సారంటే నువ్వేనా?" అన్నాడు.

నేనేనన్నాను.

"మా ఊరు లేదని రాసినవట. జంగ్లాత్ జవాన్లు వచ్చి చెప్పిండ్రు. నేను గా ఊరికెల్లే నడుచుకుంట వచ్చిన. ఊరు లేకుంటే నేను ఏడికెల్లి వచ్చిన సారూ?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. నేను జాబితా తీసి ఆయన ముందు పెట్టాను. ఆయనకు చదువు రాదని తెలిసి కూడా పెట్టాను. అప్పటికి నా దగ్గరున్న ధైర్యం ఆ పుస్తకం ఒక్కటే.

"ఇందుల సోముగూడ లేదు పట్లా. నేనేం చెయ్యాలె?"

"గది ఎప్పటి పుస్తకం?"

ఎప్పటిదో చెప్పాను.

"గప్పుడు సోముగూడ ఎట్లుంటది? గప్పుడు పట్లా మా బాపు. ఎవలు పట్లా ఉంటే వాళ్ల పేరే ఊరికి. బాపు ఉన్నన్ని దినాలు లచ్చుగూడ. నేను పట్లా అయినంక సోముగూడ అయింది. రేపు నా కొడుకైతే మళ్ల మారుతది. గిది మీకెవ్వలు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. జాబితా మళ్లీ తిరగేశాను. లచ్చుగూడ ఉంది. ఎగువన టేకుమానుపల్లి, దిగువన రాళ్లవాగు, ఆ రెండింటి మధ్య తాపీగా కూర్చుని ఉంది. ఆ పేజీని నేను నెలకోసారైనా చూస్తూ ఉంటాను.

"బాపు కంటె ముందు పట్లా ఎవరు?" అని అడిగాను.

"మా తాత భీము. జంగ్లాతోళ్లు గీత గీసేనాటికి బాపే పట్లా."

నాకు అప్పుడు వెలిగింది. రిజర్వు గీత గీసింది లచ్చు కాలంలో. గీతకు ముందున్న ఊరంటే పాత ఉర్దూ జాబితాలో భీముగూడ ఉండాలి. ఇటు టేకుమానుపల్లి, అటు రాళ్లవాగు. ఆ రెండూ చెట్టు పేరు, వాగు పేరు గనుక అవి మారవు. మధ్యలో ఊరి పేరు మారుతుంది గానీ ఊరు మారదు.

నిచ్చెన వేసి ఇస్లాం అల్మారా తెరిచాను. పై రెండు అరలూ ఖాళీగా ఉన్నాయి.

మౌల్వీ సాబ్ బర్రె

నేను సెలవులో ఉన్నప్పుడు పెద్దసారు సద్భావంతో ఒక పని చేశాడని అటెండర్ చెప్పాడు. మనవాళ్లెవరూ చదవని మతగ్రంథాలు చెదల పాలు కావడం ఎందుకని, పై రెండు అరల పుస్తకాలను మూటకట్టించి మసీదుకు బహూకరించాడట. పూలదండతో సహా.

పట్లాను వెంటబెట్టుకుని మసీదు పక్కనే ఉన్న మౌల్వీ సాబ్ ఇంటికి పరుగెత్తాను. ముసలాయన వరండాలో కూర్చుని గేదెకు కుడితి కలుపుతున్నాడు. నన్ను చూసి గడ్డం నిమురుకున్నాడు.

"రా నర్సయ్యా. మీ పెద్దసారు పంపిన కితాబులు చూసిన. జుమ్మా నాడు అడవిల ఎన్ని దుంగలు నరికిండ్రో చదివి వినిపియ్యమన్నడా ఏంది?"

"మౌల్వీ సాబ్, అవి ఉన్నయా?" అన్నాను.

"ఎందుకు ఫికర్ చేస్తున్నవ్? అచ్చు పడ్డ కాయితం మేం చెత్తల వెయ్యం. లోపల సందుకల ఉన్నయి. అన్నీ తీస్కపో. ఒక్కటి మాత్రం ఇయ్య."

ఏదని అడిగాను.

"పసులకొచ్చే గాలికుంటు మీద ఉన్నది. గందుల చెప్పినట్టు కాళ్లు కడిగితే నా బర్రె బతికింది. గది మాత్రం అడగకు."

అది మీదేనన్నాను. ఆ పుస్తకం ఈ రోజుకీ మా రిజిస్టరులో ఇస్లాం మతం కిందే ఉంది. ఆ సందుక పెట్టెలో అడుగున మర్దుంషుమారీ జాబితా దొరికింది. వరండాలోనే కూర్చుని తీశాను. టేకుమానుపల్లి, భీముగూడ, రాళ్లవాగు. పైకి చదివాను. పట్లా తన తాత పేరు రెండోసారి చదవమన్నాడు. చదివాను. ఆయన గొంగడి అంచుతో మొహం తుడుచుకుని, గేదె వైపు తిరిగి నిలబడ్డాడు.

ఎనిమిది రోజులు

ఇక్కడిదాకా విని నన్ను మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను దాచుకునేది ఈ తర్వాతి ముక్క.

మొదటి జవాబు తప్పని, అసలు విషయం ఇదని కొత్త ఉత్తరం టైపు చేసి పెద్దసారు ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి పేపర్‌వెయిట్ కింద పెట్టాడు.

"నర్సయ్య గారూ, పోయిన నెల లేదన్నాం, ఈ నెల ఉందంటున్నాం. మన జవాబును మనమే తప్పంటే ఆఫీసు పరువేం కావాలండీ? తొందరపడకండి. ఆలోచిద్దాం."

ఆలోచన ఎనిమిది రోజులు సాగింది. నేను రోజూ ఆ గదిలోకి వెళ్లి పేపర్‌వెయిట్ వైపు చూసి వచ్చేవాణ్ణి. పై అధికారి సంతకం లేకుండా కదలకూడదని నా భయం. ఉద్యోగం పోతుందేమోనని భయం. తొమ్మిదో రోజు పట్లా మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మంలో నిలబడలేదు, నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"నిన్న జవాన్లు నాలుగు ఇండ్లు కూలగొట్టిండ్రు. మా అక్క ఇల్లు సుత కూలింది. మిగిలినయి ఎల్లుండి అంటుండ్రు. నీ కాయితం ఇంక రాలేదా సారూ?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. పేపర్‌వెయిట్ తీసి ఉత్తరం పట్టుకున్నాను. పెద్దసారు సంతకం పెట్టవలసిన చోట నా సంతకం పెట్టాను. రెండు జాబితాలూ సంచిలో వేసుకుని, పట్లాతో కలిసి జంగ్లాత్ ఆఫీసుకు వెళ్లాను.

రేంజర్ హైదరాబాద్ మనిషి, నాలాగే ఉర్దూలో చదివినవాడు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"లేదని రాసింది మీరే. ఉన్నదని రాసింది మీరే. రేపు ఏం రాస్తరు?"

"రేపు ఆదివారం సార్. సెలవు."

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఆ మాట నోటి వెంట అలవాటుగా వచ్చేసింది.

"మొదటిది నేను చూడకుండ రాసిన సార్. అన్నీ చూసినమని అబద్ధం రాసిన. రెండోది చూసి రాసిన. మీకు ఉర్దూ వస్తది గద, మీరే చదువుండ్రి," అన్నాను.

రేంజర్ పాత జాబితా ముందుకు లాక్కున్నాడు. వరసలో వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. తర్వాత కొత్త జాబితా చూపించమన్నాడు. తలెత్తి పట్లాను అడిగాడు.

"మీ బాపు పేరేంది?"

"లచ్చు."

"తాత?"

"భీము."

"తాత కంటె ముందు?"

పట్లా ఆగకుండా ఇంకో ఐదు పేర్లు చెప్పాడు. మా లైబ్రరీలో ఏ పుస్తకమూ అంత వెనక్కి పోదు. రేంజర్ కలం మూత తీశాడు. ఊరిని కదిలించే పని ఆపమని జవాన్లకు చీటీ రాసిచ్చాడు. పై ఆఫీసుకు రిపోర్టు తాను పంపుకుంటానన్నాడు. ఊరు నిలబడింది. కూలిన నాలుగిళ్ల గురించి చీటీలో ఏమీ లేదు.

జైతుబాయి గోడ

మర్నాడు పట్లా వెంట సోముగూడకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. ఇంట్లో కూర్చుంటే అన్నం సహించలేదు.

పట్లా అక్క పేరు జైతుబాయి. అరవై దాటి ఉంటుంది. పడిపోయిన ఇంటి తడికలు మళ్లీ నిలబెట్టి, మట్టీ పేడా కలిపి మెత్తుతోంది. పట్లా నన్ను చూపించి తమ భాషలో ఏదో చెప్పాడు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా? చెప్పులిడిసి రా. గా పక్క మెత్తు," అంది.

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి పనిలో దిగాను. ఎండ నెత్తికెక్కేదాకా మెత్తాను. నీళ్లు తాగడానికి ఆగినప్పుడు, పుస్తకంలో ఏముందో చెప్పమంది. జేబులో రాసిపెట్టుకున్న కాగితం తీసి చదివాను. తాత పేరుతో ఊరు, బాపు పేరుతో ఊరు. రెండూ శ్రద్ధగా విన్నది.

"మంచిగున్నది. మొదలు లేదని రాసినవే, గా కాయితం ఏమైంది?"

"ఫైల్ల ఉన్నది."

"చింపలేదా?"

"ఆఫీసు కాయితం చింపద్దు అవ్వా. ఉండాలె."

ఆమె చేతిలో మట్టిముద్ద అటూ ఇటూ మార్చుకుంది.

"ఇప్పుడంటే నువ్వున్నవ్, తప్పని చెప్తివి. నువ్వు పోయినంక నీ కుర్చీల ఇంకొకడు కూసుంటడు. వానికి గా కాయితమే దొరికితే?"

అన్నేళ్లు కాగితాల మధ్య బతికినవాణ్ణి, నాకు ఆ ఆలోచనే రాలేదు. ఒక్క కాగితం కూడా చదవలేని మనిషికి వచ్చింది. ఆమె నేను మెత్తిన గోడ మీద అరచెయ్యి వేసి చూసి, కింద పలచగా ఉందని, మళ్లీ మెత్తమని చెప్పింది. మళ్లీ మెత్తాను.

సోమవారం పొద్దున్నే జంగ్లాత్ ఆఫీసుకు పోయి, రేంజర్‌ను బతిమాలి ఆ ఫైలు తెప్పించుకున్నాను. నా మొదటి ఉత్తరం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్ర సిరాతో రాశాను: "ఇది తప్పు. పాత జాబితా తెరవకుండా రాశాను. ఈ ఊరు ఉంది. ఊరి పేరు పట్లాతో పాటు మారుతుంది. వెతికేవాళ్లు ముందు ఊరివాళ్లను అడగాలి." కింద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో మూడు సంతకాలు పెట్టాను. తర్వాత లైబ్రరీకొచ్చి మా కాపీ మీద కూడా అలాగే రాసి, తీసుకెళ్లి పెద్దసారు పేపర్‌వెయిట్ కింద పెట్టాను.